బానిస పూర్వీకుల పేరు దొరకట్లేదా? యజమాని ఇంటి దావాలు చూడండి

అమెరికాలో బానిసలుగా బతికిన పూర్వీకుల కోసం వెతికేవాళ్లు చాలామంది 1870 జనాభా లెక్కల దగ్గరే ఆగిపోతారు. 1865లో బానిసత్వం రద్దయ్యాక వచ్చిన తొలి లెక్కలవి. అంతకుముందు 1850, 1860 బానిసల జాబితాల్లో పేరుండేది యజమానికే. బానిసలకు వయసు, ఆడా మగా, రంగు, దాదాపు అంతే.

అక్కడి నుంచి కోర్టు రికార్డుల్లోకి దిగండి. వెతకాల్సింది మీవాళ్ల పేరుతో కాదు, యజమాని ఇంటిపేరుతో. ఆయన పోయాక వారసులు పంపకాల కోసం కోర్టుకెక్కితే, గొడ్డూ గోదాతో పాటు మనుషుల్నీ లెక్కగట్టి రాసేవారు: పేరు, వయసు, ధర. చదువుతుంటే కడుపులో దేవుతుంది. కానీ తల్లి పేరు పక్కన చంటిబిడ్డ పేరు కనిపించేది చాలాసార్లు అక్కడే.

వర్జీనియా అయితే పని సులువు. ఆ రాష్ట్ర గ్రంథాలయం ఛాన్సరీ కోర్టు (ఆస్తి పంపకాల్లాంటి తగాదాలు తేల్చే కోర్టు) కేసుల సూచికను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, చాలా కౌంటీలకు స్కాన్ పేజీలతో సహా.

స్వేచ్ఛ కోసం బానిసలే వేసిన దావాలు ఇంకా విలువైనవి. వర్జీనియాలో 1662 చట్టం ప్రకారం తల్లి స్థితే (బానిసా, స్వతంత్రురాలా అన్నది) బిడ్డకూ వచ్చేది. అందుకే అమ్మమ్మ స్వతంత్రురాలని సాక్షులతో చెప్పించేవారు, అలా మూడు తరాల పేర్లు ఒకే కట్టలో దొరకొచ్చు.

పంపకాల తగాదాలు ఏళ్ల తరబడి సాగేవి. యజమాని చనిపోయిన ఏడాదితో ఆపకుండా 1865 తర్వాతి కేసులూ తిరగేయండి.