ప్రైవేటు బడి పిల్లలు, సర్కారు బడి పిల్లలు: రెండు గుంపుల మధ్య తేడాను సరిగ్గా కొలవడం ఎలా?

"ఇంగ్లీషు మీడియం పిల్లలే చురుకు." "ఆడపిల్లలకు లెక్కలు ఎక్కవు." "సర్కారు బడిలో చదివితే అంతే." ఇలాంటి మాటలు స్టాఫ్ రూముల్లో, బస్సుల్లో, పెళ్లి పందిళ్లలో వింటూనే ఉంటాం. వీటిని నమ్మే ఎన్నో కుటుంబాలు అప్పు చేసి ఫీజులు కడుతున్నాయి, ఎంతోమంది అమ్మాయిలు ఎంపీసీ వద్దనుకుంటున్నారు. కాబట్టి ఒక గుంపుకూ ఇంకో గుంపుకూ తేడా ఉందని ఎవరైనా అంటే దాన్ని ఎలా పరీక్షిస్తారో తెలిసి ఉండాలి. బి.ఎడ్, ఎం.ఎడ్ ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇది ఎలాగూ తప్పదు. పేపర్లో "సర్వేలో తేలింది" అన్న వార్త చదివేవాళ్లకూ అంతే అవసరం.

1. ముందు ప్రశ్నను బిగించండి

"ప్రైవేటు బడులు మంచివా?" అన్న ప్రశ్నకు ఏ పరిశోధనా జవాబు చెప్పలేదు. ఏ తరగతి, ఏ ప్రాంతం, ఏ సబ్జెక్టు, ఎప్పుడు కొలిచిన మార్కులు అన్నవి తేల్చుకోవాలి. "ఒకే మండలంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లలు తెలుగు పేరా చదివి అర్థం చేసుకోవడంలో రెండు రకాల బడుల మధ్య తేడా ఉందా?" అంటే అది పరీక్షించదగ్గ ప్రశ్న.

ఇక్కడే ఇంకో విషయం కూడా నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. పిల్లల మధ్య తేడా "ఉందా" అని అడుగుతున్నారా, ఆ తేడా బడి "వల్ల వచ్చిందా" అని అడుగుతున్నారా? మొదటిదానికి జాగ్రత్తగా చేసిన సర్వే చాలు. రెండోదానికి చాలదు. విద్యారంగంలో వచ్చే తప్పుడు వార్తల్లో చాలావరకు మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును రెండోదానికి అంటగట్టినవే.

2. గుంపుల్లోకి ఎవరు, ఎలా వచ్చారో చూడండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ప్రైవేటు బడికి పిల్లల్ని పంపే ఇంట్లో సాధారణంగా నాలుగు రాళ్లు ఎక్కువ ఉంటాయి, తల్లిదండ్రులు కొంత చదువుకుని ఉంటారు, ట్యూషన్ కూడా పెట్టిస్తారు. రెండు బడుల సగటు మార్కులు పక్కపక్కన పెడితే మనం కొలిచేది బడిని మాత్రమే కాదు, ఇంటిని కూడా.

దీన్ని విడదీయడానికి ఉన్న గట్టి పద్ధతి లాటరీ. దానికి మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. పిల్లల్ని ప్రైవేటు బడికి మార్చాలనుకునే తల్లిదండ్రుల నుంచి ముందు దరఖాస్తులు తీసుకున్నారు. స్కాలర్‌షిప్పులు ఏ గ్రామాల్లో ఇవ్వాలో లాటరీ తీశారు. ఆ గ్రామాల్లో ఏ పిల్లలకు ఇవ్వాలో మళ్లీ లాటరీ తీశారు. వచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరూ అడిగినవాళ్లే, రెండు వైపులా ఇళ్లు సగటున ఒకేలాంటివి. ఇక తేడా వస్తే అది స్కాలర్‌షిప్పు వల్లే అనుకోవచ్చు.

ఫలితం చాలామందిని ఆలోచనలో పడేసింది. పైపైన పోలిస్తే ప్రైవేటు బడి పిల్లల మార్కులు బాగా ఎక్కువ. లాటరీ ద్వారా పోలిస్తే, నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగులో, లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవాళ్లు బాగా ముందున్నారు. టైమ్‌టేబుల్ చూస్తే కారణం తెలిసింది. ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి, మిగిలింది ఇంగ్లీషు, హిందీ లాంటివాటికి వాడుతున్నాయి. పైగా ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడికి అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఇందులో ఏ పక్షానికీ పూర్తి గెలుపు లేదు, అందుకే ఈ అధ్యయనం అంటే నాకు గౌరవం.

లాటరీ అందరికీ కుదిరే పని కాదు. అమ్మాయి, అబ్బాయి అన్న తేడాకు లాటరీ తీయలేం కదా. అప్పుడు ఇంటి ఆదాయం, తల్లి చదువు, అధ్యయనం మొదలుపెట్టేనాటి మార్కులు సేకరించి, అవి ఒకేలా ఉన్న పిల్లలను జతలుగా పోల్చాలి. లేదంటే అదే పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించాలి. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి మన తెలుగు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లల విషయంలో చేస్తున్న పని అదే.

మొత్తం గుంపును చూసి ఆగిపోకండి, ఉపగుంపులుగా విడదీసి కూడా చూడండి. 1973లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం పీజీ అడ్మిషన్లలో దరఖాస్తు చేసిన మగవాళ్లలో సుమారు 44 శాతానికి, ఆడవాళ్లలో 35 శాతానికి సీటు వచ్చింది. వివక్ష ఖాయం అనిపించింది. డిపార్ట్‌మెంటు వారీగా చూస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. సీట్లు దొరకడం కష్టమైన విభాగాలకు ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేయడమే అసలు కారణం.

3. కొలిచే పరీక్ష అందరికీ ఒకటేనా?

ఒక లెక్క చూడండి: "రంగయ్య మూడెకరాల్లో ఎకరానికి 28 బస్తాల చొప్పున వడ్లు పండించి, 15 బస్తాలు కౌలు కింద ఇచ్చాడు. ఎన్ని మిగిలాయి?" పల్లెలో పెరిగిన పిల్లకు కౌలు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. గుణకారం, తీసివేత బాగా వచ్చిన పట్నం పిల్లవాడు ఆ మాట దగ్గరే ఆగిపోవచ్చు. మనం కొలవాలనుకున్నది లెక్కలు, కొలిచింది వ్యవసాయంతో పరిచయం. ఎస్కలేటర్ మీద ప్రశ్న ఇస్తే ఇదే అన్యాయం అటునుంచి ఇటు జరుగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పరిశోధకులు మొత్తం మార్కులు సమానంగా వచ్చిన పిల్లలను రెండు గుంపుల నుంచీ తీసుకుని ఒక్కో ప్రశ్నను విడిగా చూస్తారు. మొత్తం మీద సమానమైన పిల్లలే ఒక్క ప్రశ్నలో మాత్రం గుంపును బట్టి విడిపోతే, ఆ ప్రశ్నను అనుమానించాలి. అసలు పరీక్షకు ముందే ముప్పై నలభై మంది పిల్లల మీద ట్రయల్ చేసి, "ఇక్కడ ఏం అడిగారు?" అని వాళ్ల నోటితోనే చెప్పించుకోండి. ప్రశ్నల్లోని లోపాలు అక్కడే సగం బయటపడతాయి.

పరీక్ష పెట్టే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఉత్తరప్రదేశ్ పల్లెల్లోని అబ్బాయిలకు దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చి, సరిగ్గా చేస్తే డబ్బులిచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు, అగ్రకుల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపించాక దళిత పిల్లలు చేసిన పజిళ్లు బాగా తగ్గాయి. పిల్లలు అంతకుముందు వాళ్లలాంటి వాళ్లే, వాళ్ల తెలివీ అదే. తరగతి గదిలో "ఎస్సీ పిల్లలు చేతులెత్తండి" అని అడిగి ఆ వెంటనే పరీక్ష పెట్టే ఎవరైనా దీని గురించి ఆలోచించాలి. కులం, ఆదాయం వంటి వివరాలు పరీక్ష అయ్యాకే, వీలైతే రిజిస్టర్ నుంచే తీసుకోండి.

4. ఎంతమంది కావాలి?

తేడా చిన్నదైతే ఎక్కువమంది కావాలి. వాడుకలో ఉన్న ప్రమాణాల ప్రకారం మధ్యస్థమైన తేడాను పట్టుకోవడానికి గుంపుకు సుమారు 64 మంది, చిన్న తేడాకైతే దాదాపు 400 మంది ఉండాలి.

ఒకే బడి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారన్నది మరిచిపోవద్దు. వాళ్లకు టీచరు ఒకరే, ఊరు ఒకటే. 20 బడుల నుంచి 30 మంది చొప్పున 600 మందిని తీసుకున్నారనుకుందాం. ఒకే బడి పిల్లల మధ్య పోలిక ఎంతో చెప్పే గుణకం (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరూ ఒకేలా) 0.2 అయితే, వాళ్లు ఇచ్చే సమాచారం విడివిడిగా ఎంచుకున్న 88 మంది ఇచ్చేదానితో సమానం. అందుకే బడికి 30 మందిని తీసుకోవడం కన్నా, ఎక్కువ బడులు తిరిగి ఒక్కో దాంట్లో పది మందిని తీసుకోవడం మేలు. తిరగడం కష్టమే, ఆర్టీసీ చార్జీలూ అవుతాయి, కానీ దీనికి దగ్గర దారి లేదు.

5. లెక్క కట్టడం

రెండు గుంపుల సగటుల మధ్య తేడా కాకతాళీయంగా వచ్చిందా, కాదా అని చూడటానికి టీ-టెస్ట్ అనే లెక్క చాలు. మూడు, అంతకన్నా ఎక్కువ గుంపులైతే అదే పని చేసే అనోవా అనే లెక్క. బడుల వారీగా గుంపులు కట్టి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకునే బహుళస్థాయి నమూనా (మల్టీలెవెల్ మోడల్) వాడాలి. ఫ్రీ సాఫ్ట్‌వేర్లు ఇవన్నీ క్షణాల్లో చేసి పెడతాయి కాబట్టి ఇక్కడ టెన్షన్ పడాల్సిన పనిలేదు.

అసలు చూడాల్సింది తేడా పరిమాణం. ఒక గుంపు సగటు 62, ఇంకోదానిది 57, మార్కుల చెదురు, అంటే ప్రామాణిక విచలనం, 15 అనుకుందాం. అయిదు మార్కులను 15తో భాగిస్తే 0.33. అంటే ఏమిటి? మార్కులు మామూలు గంట ఆకారంలో పరుచుకుని ఉంటే, రెండు గుంపుల నుంచి చెరొకరిని తీసి వంద జతలు కడితే సుమారు 59 జతల్లో మొదటి గుంపు పిల్లవాడిది పైచేయి, 41 జతల్లో రెండో గుంపు వాడిది. "ఆ బడి పిల్లలు తెలివైనవాళ్లు" అన్న మాటకూ ఈ 59కీ ఎంత దూరమో చూడండి. ఆడ, మగ తేడాల మీద మనస్తత్వ శాస్త్రవేత్త జానెట్ హైడ్ 2005లో 46 సమగ్ర సమీక్షలను (ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కకట్టేవి) కలిపి చూస్తే, అందులోని తేడాల్లో 78 శాతం చిన్నవో దాదాపు శూన్యమో అని తేలింది.

ఒక హెచ్చరిక. 20 విషయాలను విడివిడిగా పరీక్షిస్తే, నిజంగా ఏ తేడా లేకపోయినా కనీసం ఒకదాంట్లో "తేడా ఉంది" అని రావడానికి 64 శాతం అవకాశం ఉంది. అందుకే ఏయే పోలికలు చేస్తారో డేటా చూడకముందే రాసి, తేదీ వేసి, మీ గైడ్‌కు ఇచ్చేయండి.

6. ఫలితం రాయడం

సగటులతో పాటు చెదురు, తేడా పరిమాణం, దాని విశ్వాస అంతరం (అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు) కూడా రాయండి. రెండు గుంపుల మార్కులు ఒకదాని మీద ఒకటి ఎంత పరుచుకున్నాయో చూపే బొమ్మ ఒకటి పెట్టండి. తేడా కనబడకపోతే అదీ రాయండి. గైడ్ అడిగినా సరే, దాన్ని అటకెక్కించకండి. లాటరీ తీయని అధ్యయనంలో "వల్ల", "కారణంగా" అన్న మాటలు ఎక్కడెక్కడ పడ్డాయో వెతికి తీసేయండి. పిల్లల పేర్లు, బడి పేర్లు తీసేసి నంబర్లు వేయండి. చివరగా, మీకు గదులిచ్చి, పీరియడ్లు వదులుకుని సహకరించిన టీచర్లకు ఒక పేజీ సారాంశం తెలుగులో రాసి పంపండి.