ఒడ్డున గాలం – ఐదవ పాఠం: పట్టికలో పోటు, మొగలో పోటు

ఈసారి ఎర గురించి రాస్తానని మాట ఇచ్చాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. నాలుగో పాఠం చదివి, ఆటుపోట్ల పట్టిక చేతపట్టుకుని భీమిలి వెళ్లినవారి ఉత్తరాలు చూశాక, ముందు సరిచేయవలసింది నేను రాసిన వాక్యమేనని తెలిసింది. "నీరు లోపలికి వస్తున్నంతసేపు పోటు, బయటికి పోతున్నంతసేపు ఆటు" అని రాశాను. గోస్తని సముద్రంలో కలిసే చోట, మత్స్యకారులు మొగ అని పిలిచే చోట, ఆ వాక్యం తప్పు.

ఒక పాఠకుడు పట్టికలో పోటు ఉదయం 6.10కి అని చూసుకుని, ఆరింటికే గాలం వేసి, నీరు వెనుదిరిగే ఘడియ కోసం కూర్చున్నారు. ఏడు దాటినా నీరు లోపలికే ఉరికింది. పట్టిక తప్పని తేల్చుకుని, చేపలు మొదలయ్యే వేళకు సరిగ్గా లేచి వెళ్లిపోయారు. రెండో ఉత్తరం నన్ను నిద్రపోనివ్వలేదు. నీరు తగ్గినప్పుడు ఒక పాఠకుడు ఇసుక దిబ్బ మీదికి నడిచి వెళ్లారు. పాయలో నీరు ఇంకా సముద్రం వైపే పోతోంది కాబట్టి మరింత తగ్గుతుందని నమ్మి అక్కడే ఉండిపోయారు. తిరిగి వచ్చేటప్పటికి మోకాలి లోతు పాయ నడుము దాటింది. క్షేమంగా ఒడ్డు చేరారు. ఆయన నమ్మింది నా మాటనే.

నీటి మట్టం ఒకటి, నీటి ప్రవాహం మరొకటి. పట్టిక చెప్పేది మట్టం గురించే. సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చువేసే పట్టికలో విశాఖ రేవుకు ఇచ్చిన అంకెలు, అక్కడ సముద్రం ఏ వేళకు ఎంత ఎత్తుకు లేస్తుందో, ఎంతకు దిగుతుందో చెబుతాయి. మొగలో నీరు ఎప్పుడు ఏ దిక్కుకు పోతుందో వాటిలో ఉండదు.

ఒక కుండకు పక్కన చిన్న చిల్లు పెట్టి నీళ్ల తొట్టిలో నిలబెట్టండి. తొట్టిలో నీళ్లు పోస్తూ పోతే బయటి మట్టం లేస్తుంది. చిల్లు చిన్నది కాబట్టి కుండ లోపలి మట్టం వెనకబడుతుంది. ఇప్పుడు పోయడం ఆపి, తొట్టిలోంచి చెంబుతో నీళ్లు తోడటం మొదలుపెట్టండి. బయట మట్టం తగ్గుతోంది. కానీ లోపలికన్నా బయట ఇంకా ఎత్తుగానే ఉంది కాబట్టి చిల్లులోంచి నీరు కుండలోకే పోతుంది. రెండు మట్టాలూ సమానమైన క్షణంలోనే ఆగుతుంది, ఆ తరవాతే వెనుదిరుగుతుంది. తొట్టి సముద్రం, కుండ లోపలి నది, చిల్లు మొగ. అడుగు మట్టం దగ్గరా ఇదే జరుగుతుంది, తలకిందులుగా. సముద్రం అప్పటికే లేస్తూ ఉంటుంది, నది మాత్రం ఇంకా బయటికి ఖాళీ అవుతూ ఉంటుంది. దిబ్బ మీద నిలబడిన ఆయన చూసింది ప్రవాహాన్ని. ఆయన కాళ్ల చుట్టూ లేచింది మట్టం.

ఈ ఆలస్యం ఎంత అని చాలామంది అడిగారు. ఒక్క అంకె ఇవ్వలేను, ఇచ్చేవారిని నమ్మవద్దు. ఇసుక మేట వేసి మొగ సన్నబడిన కొద్దీ ఆలస్యం పెరుగుతుంది. వానలకు నది నిండుగా పారితే లోపలికి వచ్చే ప్రవాహం బలహీనపడి తొందరగా ఆగిపోతుంది, బయటికి పోయేది సాగుతుంది. అదే మొగ, రెండు నెలల తేడాలో రెండు లెక్కలు. యారాడ, తెన్నేటి పార్కు రాళ్ల వంటి బహిరంగ తీరంలో ఇటువంటి కుండ లేదు. అక్కడ ఎంత రాయి మునిగిందన్నదే ముఖ్యం కాబట్టి పట్టికను నేరుగా వాడుకోవచ్చు.

ఇక రోజును వెనకనుంచి కట్టుకుందాం. పట్టికలో పోటు 6.10, మీరు కొలిచిన ఆలస్యం 70 నిమిషాలు అనుకుందాం. 7.20కి నీరు తిరుగుతుంది. లోపల మేసిన రొయ్యలనూ చిన్న చేపలనూ బయటికి మోసుకొచ్చే మొదటి రెండు గంటల ప్రవాహంలో పండుగప్ప రాళ్ల చాటున, ప్రవాహపు అంచున కాచుకుని ఉంటుంది. నాకు కావలసింది ఆ రెండు గంటలే. కాబట్టి గాలం నీటిలో ఉండవలసింది 7 నుంచి 9.30 వరకు. పది, పదకొండు అయ్యేసరికి సముద్రపు గాలి పుంజుకుని దారం వంకర తిరుగుతుంది. ఎర పట్టడానికి గంట కావాలంటే 5.45కి మొగ దగ్గర ఉండాలి. విశాఖ నుంచి భీమిలి సుమారు 25 కిలోమీటర్లు, నేను 4.45కి బయలుదేరతాను. ముడులన్నీ ముందు రాత్రే వేసి పెడతాను. చీకట్లో వేసిన ముడిని నేను నమ్మను. ప్లాస్టిక్ ఎరలూ నాకు ఇష్టం లేదు, బతికిన రొయ్య దొరికిన రోజు మరొకటి ముట్టను.

వారం మొత్తానికి పట్టిక తిరగేయను. ఒక రోజు పోటు వేళ తెలిస్తే రోజుకు 50 నిమిషాలు కలుపుకుంటూ పోతాను. రెండు మూడు రోజులకు అది సరిపోతుంది, ఆపైన మళ్లీ పట్టికే చూడాలి. తిథి మాత్రం ఎప్పుడూ చూస్తాను. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటుపోట్లు బలంగా ఉంటాయి. అష్టమి దాటాక మందగిస్తాయి, మొగలో నీరు బద్ధకంగా కదులుతుంది. ఆదివారం సెలవు కాబట్టి ఆదివారమే అని ముందే నిర్ణయించుకున్న వారిలో ఎక్కువ మంది దశమి నాడు వెళ్లి ఖాళీగా వచ్చారు. గుజరాత్‌లోని భావనగర్ తీరంలో సముద్రం పది మీటర్లు దాటి లేస్తుంది. మన విశాఖలో బలమైన రోజున కూడా సుమారు ఒకటిన్నర మీటరే. ఉన్న కొద్దిపాటి కదలికను వృథా చేసుకోకూడదు.

మే నెలలో పడవ మాట్లాడుకుని వెళతామన్నవారికి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మోటారు పడవల వేటకు నిషేధం. ఒడ్డునే ఉండండి.

బయలుదేరే ముందు హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూడండి. అలల ఎత్తు ఒక్కటే చదివి ఊరుకోవద్దు, రెండు అలల మధ్య వ్యవధి కూడా చదవండి. ఆరు సెకన్ల మీటరు అలకన్నా పదహారు సెకన్ల మీటరు అల రాయి మీదికి చాలా పైకి ఎక్కుతుంది, పైగా చాలాసేపు సముద్రం ప్రశాంతంగా కనిపించాక వస్తుంది. రాయి ఎక్కేముందు పావుగంట నిలబడి చూడండి. తడి ఎంతవరకు ఉందో దానికి పైనే నిలబడాలి.

అభ్యాసం. ఈ వారం గాలం ఇంట్లో ఉంచి మొగ దగ్గరికి వెళ్లండి. పట్టికలోని పోటు వేళకు అరగంట ముందు చేరుకోండి. సముద్రం వైపు నీటి అంచున, అలలు తాకని చోట గీతలు పెట్టిన కర్ర ఒకటి పాతండి. నీరు దాన్ని వదిలి దిగిపోతే కొత్త అంచున మరొకటి పాతండి. పావుగంటకొకసారి కర్ర మీద మట్టం రాసుకుని, ఎండు కొబ్బరి పీచు ముక్క ఒకటి పాయలో వేసి అది ఎటు పోయిందో పక్కన రాయండి. ఆటు అడుగుకు చేరి, ఆ తరవాత పీచు దిక్కు మార్చేదాకా లేవవద్దు. దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది, గొడుగు, నీళ్లు, పెరుగన్నం తీసుకెళ్లండి. ఇద్దరు కలిసి వెళ్లండి, దిబ్బ మీదికి మాత్రం వెళ్లవద్దు. ఇదే పని అమావాస్య దాటాక ఒకసారి, అష్టమి దాటాక ఒకసారి చేయాలి. మట్టం తిరిగిన వేళ, పీచు తిరిగిన వేళ, ఆ రోజు మొగ వెడల్పు అడుగులలో రాసి పంపండి. అవి చేతికి వచ్చాకే ఎర పాఠం మొదలుపెడతాను.