జపాన్ చికెన్ వేపుడు ‘కరాగే’ ఇంట్లో ఎలా చేయాలి?

జపాన్‌లో కరాగే దొరకని చోటు వెతకడం కష్టం. సాయంత్రం పూట బార్లలో, పిల్లల లంచ్ బాక్సుల్లో, వీధి చివర వండిన కూరలు అమ్మే దుకాణంలో, ఎక్కడైనా ఉంటుంది. జపాన్ అంతటా ఉండే లాసన్ అనే చిన్న సరుకుల స్టోర్లు 1986 నుంచి దీన్ని చిన్న అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతున్నాయి. క్యూషూ దీవిలోని నకాత్సు, ఉసా పట్టణాలైతే కరాగేకే పేరుపడ్డాయి. ఒక్క ఈ వేపుడు మాత్రమే అమ్మే దుకాణాలు అక్కడ వీధివీధికీ కనిపిస్తాయి.

మన చికెన్ పకోడీలా దీనికి జారు పిండి ఉండదు. కారం, గరం మసాలా అసలే పడవు. సోయా సాస్, అల్లం, కొంచెం వెల్లుల్లి, అంతే. అందుకే మాంసం రుచి బాగా తెలుస్తుంది, చేసే పద్ధతిలో తేడా వస్తే అదీ వెంటనే తెలిసిపోతుంది.

నలుగురికి అరకిలో బోన్‌లెస్ తొడ మాంసం సరిపోతుంది. బ్రెస్ట్ వద్దు, రెండుసార్లు వేపితే ఎండిపోతుంది. మన దగ్గర షాపులో అడక్కుండానే స్కిన్ తీసేస్తారు కాబట్టి, ఉంచమని ముందే చెప్పండి. ఆ చర్మమే కరకరలాడుతూ కరాగేకి సగం అందం తెస్తుంది. స్కిన్‌లెస్‌తోనూ చేయొచ్చు, కానీ ఆ కరకర కొంత తగ్గుతుంది.

ముక్కలు నిమ్మకాయంత కాకుండా, కాస్త చిన్నగా, నాలుగు సెంటీమీటర్లకు మించకుండా కోయండి. కడిగినవైతే తడి లేకుండా బాగా అద్దాలి. రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒక టేబుల్ స్పూన్ సాకే, ఒక టేబుల్ స్పూన్ తురిమిన అల్లం, ఒక వెల్లుల్లి రెబ్బ తురుము వేసి చేత్తో కలపండి. సాకే అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం. దొరక్కపోయినా, ఇష్టం లేకపోయినా మానేసి చిటికెడు పంచదార వేయండి. సోయా సాస్ మాత్రం జపాన్ రకం, లేదంటే లైట్ సోయా సాస్ తీసుకోండి. చైనీస్ ఫ్రైడ్ రైస్‌లో వాడే చిక్కటి డార్క్ సాస్‌తో ముక్క లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. సాస్‌లోనే ఉప్పు ఉంటుంది, మళ్లీ వేయకండి.

అరగంట నానితే చాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే ఇంకా రుచి వస్తుందనుకుంటాం గానీ ఇక్కడ అది పనికిరాదు. పచ్చి అల్లానికి మాంసాన్ని మెత్తబరిచే గుణం ఉంది. ఎక్కువసేపు ఉంచితే ముక్క పైపొర పిండిలా అయిపోతుంది.

ఇక పిండి. జపాన్‌లో ఎక్కువమంది వాడేది పొటాటో స్టార్చ్. సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేకపోతే కార్న్‌ఫ్లోర్ వాడొచ్చు, పొర కొంచెం గట్టిగా వస్తుంది. నానిన ముక్కల్లోంచి మిగిలిన నీరు వంచేసి, అంటుకున్న అల్లం తురుము దులిపేయండి, నూనెలో అదే ముందు మాడేది. ఒక పళ్లెంలో ఆరేడు టేబుల్ స్పూన్ల స్టార్చ్ పోసి, ఒక్కో ముక్కనూ చర్మం పైకి వచ్చేలా గుండ్రంగా చుట్టి దొర్లించండి. అక్కడక్కడ తెల్లటి పొడి మచ్చలుగా కనిపించాలి, నున్నగా పూత పూసినట్టు ఉండకూడదు. ఈ ఎగుడుదిగుళ్లే వేగాక కరకరలాడతాయి. పిండి అద్దిన వెంటనే వేపాలి.

బాణలిలో రెండంగుళాల లోతున నూనె పోయండి. రైస్ బ్రాన్ ఆయిల్ బాగుంటుంది, వాసన తక్కువ. 160 డిగ్రీల దగ్గర మొదటి విడత. థర్మామీటర్ లేకపోతే పొడి చెక్క గరిటె చివర ముంచి చూడండి, చుట్టూ చిన్న బుడగలు నెమ్మదిగా లేస్తే చాలు. నాలుగైదు ముక్కల కన్నా ఎక్కువ వేయకండి, నూనె చల్లబడుతుంది. మూడు నిమిషాలు వేపి, లేత రంగులో ఉండగానే జాలీ స్టాండ్ మీదకి తీసేయండి. పేపర్ మీద పరిస్తే కింద ఆవిరి పట్టి మెత్తబడతాయి.

ఇప్పుడు నాలుగు నిమిషాలు ఆగండి. ఆకలి మీద ఉన్నప్పుడు కష్టమే, కానీ కరాగే తయారయ్యేది ఈ సమయంలోనే. పైనున్న వేడి లోపలికి పాకి ముక్క నెమ్మదిగా ఉడుకుతుంది, లోపలి తేమ పైపొరకు చేరుతుంది. అందుకే తాకితే కాస్త మెత్తగా అనిపిస్తుంది. కంగారు పడకండి, రెండోసారి వేపినప్పుడు ఆ తేమ పూర్తిగా ఎగిరిపోతుంది.

మంట పెంచి నూనెను 190 డిగ్రీలకు తెచ్చి, ఒకటి, ఒకటిన్నర నిమిషం వేపండి. చెవి పెట్టి వినండి. వేసిన వెంటనే పెద్ద పెద్ద బుడగలతో బరువైన చప్పుడు వస్తుంది. నీరు తగ్గేకొద్దీ బుడగలు చిన్నవై, శబ్దం సన్నబడి చిటపటగా మారుతుంది. గరిటెతో ఎత్తితే ముక్క తేలిగ్గా అనిపిస్తుంది. అప్పుడు తీసేయాలి. అన్నిటికన్నా పెద్ద ముక్కను కోసి చూడండి, లోపల గులాబీ రంగు ఉండకూడదు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 74 డిగ్రీలు చూపించాలి.

సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, నిమ్మచెక్క, కొంచెం మయోనైజ్, వేడన్నం పక్కన పెట్టుకుంటే భోజనం సిద్ధం. నిమ్మరసం ఎవరి ముక్క మీద వాళ్లే పిండుకుంటే పొర కరకర పోదు. చల్లారినా బాగుంటుంది కాబట్టే జపాన్‌లో బాక్సుల్లో పెడతారు. మిగిలితే మైక్రోవేవ్‌లో కాకుండా ఎయిర్ ఫ్రయర్‌లోనో, పొడి పెనం మీదో వేడి చేయండి.