కండ కాపాడుకుందాం – 3వ పాఠం: కుర్చీలోంచి లేవడం

క్యాన్సర్ ఉన్నవాళ్లు ఏ రోజు వ్యాయామం చెయ్యకూడదో పోయిన పాఠంలో చెప్పుకున్నాం: జ్వరం ఉన్నప్పుడు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు, ఎముకలో కొత్తగా నొప్పి మొదలైనప్పుడు. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఈ పాఠం మొదలుపెట్టొద్దు. మిగతావాళ్లు చక్రాలు లేని గట్టి కుర్చీ ఒకటి తెచ్చి, దాని వీపు గోడకి ఆనించి పెట్టుకోండి.

"బాగా తింటే కండ అదే వస్తుంది" అని ఇంట్లోవాళ్లు అంటూ ఉంటారు. ప్రేమతోనే అంటారు, కానీ పేషెంటుకి ఆ మాటే పెద్ద టెన్షన్. క్యాన్సర్ వల్ల ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) పెరిగి, కండలోని ప్రోటీన్ కరిగే వేగం కొత్తది తయారయ్యే వేగాన్ని మించిపోతుంది, పైగా ఆకలి కూడా చచ్చిపోతుంది. దీన్నే కాకెక్సియా అంటారు. ఆరు నెలల్లో బరువు 5 శాతం కంటే ఎక్కువ తగ్గడం దానికి ఒక గుర్తు అనీ, ఒక్క ఆహారంతో దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పలేమనీ 2011లో అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. తిండి కండకి సరుకు ఇస్తుంది, ఆ సరుకు వాడుకోమని కండకి చెప్పేది బరువు మోసే పని. ఇక్కడ మోసే బరువు మన ఒళ్లే.

కుర్చీలో కాస్త ముందుకి జరిగి కూర్చోండి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగి, ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి. చేతుల ఆసరా కావాలంటే తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. అసలు సంగతి కూర్చోవడంలో ఉంది: ధబేల్‌మని కూలబడకుండా, మనసులో మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. అలా దిగుతున్నప్పుడు కూడా తొడలు, పిరుదులు పనిచేస్తాయి.

ఎన్నిసార్లు? ఇంకో రెండుసార్లు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపెయ్యండి, అది మూడోసారే అయినా సరే. తేలికయ్యేకొద్దీ 8 నుంచి 15 సార్ల దాకా పెంచి, మధ్యలో విశ్రాంతితో రెండు విడతలు చెయ్యండి. వారానికి రెండు రోజులు చాలు, ఆ రెండూ పక్కపక్క రోజులు కాకూడదు. కళ్లు తిరిగినా, ఛాతీ పట్టేసినా, మాట రానంత ఆయాసం వచ్చినా ఆ రోజుకి ఆపేసి డాక్టర్‌కి చెప్పండి.

పక్కన ఉండేవాళ్లకి ఒక మాట. చెయ్యి పట్టి పైకి లాగొద్దు, భుజం దెబ్బతింటుంది. పక్కన నిలబడి, తూలితే నడుం దగ్గర పట్టుకోండి.

కాకెక్సియా ముదిరినవాళ్లలో వ్యాయామంతో కండ పరిమాణం పెరుగుతుందని గట్టిగా చెప్పే ఆధారాలు ఇంకా తక్కువే. అందుకే అద్దంలో చెయ్యి లావు చూసుకుని బెంగపడొద్దు. సాయం లేకుండా బాత్రూమ్‌కి వెళ్లి రావడం, మంచం మీంచి తనంతట తాను లేవడం, వీటిని చూసుకోండి. నా దృష్టిలో కిలోల కంటే అవే ముఖ్యం.

ప్రోటీన్ సంగతి వచ్చే పాఠంలో. రోజుకి కిలో బరువుకి 1 నుంచి 1.5 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవాలి, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినంతే. ఈలోపు 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో ఒకసారి లెక్కపెట్టి, పక్కన తేదీ వేసి, ఆసరా తీసుకున్నారో లేదో కూడా రాసి ఉంచుకోండి.