బతుకమ్మ ఫుటేజీలో గునుగు రంగు గునుగులాగే ఉండాలంటే

ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి ముందు మూడు కంపెనీల కెమెరాలు పెట్టి తీస్తే, గులాబీ రంగు అద్దిన ఒకే గునుగు పువ్వు మూడు రకాలుగా వస్తుంది. ఎడిటింగుకు కూర్చోగానే క్లిప్పుల మీద పడొద్దు. ముందు మానిటర్ సంగతి చూడాలి. అది సరిగా లేకుంటే, లేని తప్పును దిద్దబోయి ఉన్న రంగును చెడగొడతాం.

మానిటర్‌ను ఫ్యాక్టరీ సెట్టింగుకు తెచ్చి, అరగంట వెలగనిచ్చాకే కలరీమీటర్ (తెర రంగులు కొలిచే పరికరం) ఆనించండి. డైనమిక్ కాంట్రాస్ట్, ఐ సేవర్, విండోస్‌లోని నైట్ లైట్ అన్నీ ఆపేయాలి. పరదాలు వేయండి, పరికరం అంచు నుంచి వెలుతురు దూరితే నలుపు కొలత తప్పుతుంది. మానిటర్ రంగులు సరిచేసే సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లేకాల్‌లో వైట్ పాయింట్ (తెలుపు ఛాయ) డీ65, అంటే పగటి వెలుతురు తెలుపు, వెలుగు చదరపు మీటరుకు 100 కాండెలా పెట్టండి. గామా (నలుపు నుంచి తెలుపుకు వెలుగు పెరిగే తీరు) చీకటి గదికి 2.4, ట్యూబ్‌లైట్ వెలిగే గదికి 2.2. తెలుపును మానిటర్ మెనూలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్లతోనే వీలైనంత దగ్గరికి తెచ్చుకోండి. అంతా సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే రంగు మెట్లు తక్కువున్న 8 బిట్ మానిటర్ మీద ఆకాశం చారలు చారలుగా కనిపిస్తుంది.

చాలామంది ఐసీసీ ప్రొఫైల్ (మానిటర్ రంగుల తీరు రాసిన ఫైలు) తయారవగానే పని అయిపోయిందనుకుంటారు. విండోస్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ ఆ ప్రొఫైల్‌ను పట్టించుకోదు. అవే కొలతలతో డిస్‌ప్లేకాల్‌లో 3డి లట్ (ఏ రంగును ఎలా మార్చాలో చెప్పే పట్టిక ఫైలు) చేసి, రిజాల్వ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో కలర్ మేనేజ్‌మెంట్ కింద కలర్ వ్యూయర్ లుకప్ టేబుల్‌గా పెట్టాలి. నోడ్ (క్లిప్పుకు రంగు దిద్దుబాటు వేసే పెట్టె) మీద మాత్రం వేయొద్దు. వేస్తే ఎక్స్‌పోర్ట్‌లో కలిసిపోతుంది. మీ మానిటర్ లోపానికి వేసిన మందు చూసేవాళ్ల ఫోన్లలో జబ్బవుతుంది.

ఇక కెమెరాలు. ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేసి, మూడింటిలోనూ ఒకే కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలత) అంకె పెట్టండి: ఎండలో 5600. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షట్టర్ 1/50; లేదంటే ఎల్ఈడీ లైట్ల కింద మినుకుమినుకుమంటుంది. 24 గళ్ల కలర్‌చెకర్‌ను (ముందే తెలిసిన రంగులున్న చార్ట్) బతుకమ్మల పక్కన, ఆడేవాళ్ల ముఖాల ఎత్తున, వాళ్ల మీద పడే వెలుతురులోనే పట్టించండి. ఫ్రేములో మూడో వంతైనా చార్టే ఉండాలి, గళ్ల మీద మెరుపు పడొద్దు. పట్టుకున్నామెది ఎర్ర పట్టుచీరైతే చెయ్యి చాపి పట్టమనండి, లేకుంటే చీర రంగు గళ్ల మీదికి కొడుతుంది. ఒక్కో కెమెరాతో 5 సెకన్లు చాలు. సోనీ కెమెరాల ఎస్-లాగ్3లో (కాంట్రాస్ట్ తగ్గించి రికార్డు చేసే లాగ్ పద్ధతి) తీస్తుంటే, తెలుపును ఒకటిగా లెక్కిస్తే నాలుగోదైన బూడిద గడి వేవ్‌ఫామ్‌లో (వెలుగు ఎత్తును చూపే గ్రాఫ్) 41 శాతం దగ్గర నిలవాలి.

చార్ట్ మరిచిపోయినప్పుడు గుడి స్తంభాల నల్లరాయిని చూపించి వైట్ బ్యాలెన్స్ తీసేవాళ్లున్నారు. ఆ నునుపు రాయి ఆకాశాన్నీ దీపాలనూ ప్రతిఫలిస్తుంది, దాన్ని నమ్మలేం. పొద్దుగూకి లైట్లు వెలిగాక చార్ట్ మళ్లీ తీయాల్సిందే. పగటి చార్ట్ రాత్రి ఫుటేజీకి పనికిరాదు.

రిజాల్వ్ కలర్ పేజీలో కలర్ మ్యాచ్ తెరిచి, చార్ట్ రకం ఎంచుకుని, గీతల చట్రాన్ని గళ్ల మీద సరిగ్గా కూర్చోబెట్టండి. సోర్స్ గామా మీ కెమెరా లాగ్, టార్గెట్ గామా 2.4, కలర్ స్పేస్ రెక్.709 (మామూలు హెచ్‌డీ వీడియో రంగుల ప్రమాణం), వైట్ పాయింట్ 6500 ఇచ్చి మ్యాచ్ నొక్కండి. ప్రాజెక్ట్‌లో కలర్ మేనేజ్‌మెంట్ లాగ్‌ను ఇప్పటికే మారుస్తుంటే ఇది రెండో మార్పిడవుతుంది, కాంట్రాస్ట్ విపరీతంగా పెరుగుతుంది. రెండింట్లో ఒకటే ఉంచండి. తర్వాత పెరేడ్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా చూపే గ్రాఫ్) బూడిద గళ్లు మూడు రంగుల్లోనూ ఒకే ఎత్తులో ఉన్నాయా, వెక్టర్‌స్కోప్‌లో (రంగు ఏ వైపుందో చూపే గుండ్రటి గ్రాఫ్) ముఖాలు స్కిన్ గీత దగ్గర ఉన్నాయా చూడండి. చామనఛాయైనా తెలుపైనా ముఖం ఆ గీత చుట్టుపక్కలే ఉంటుంది.

చార్ట్ అంతా సరిపోయి గునుగు ఒక్కటే వేరేగా కనిపించొచ్చు. చవక ఎల్ఈడీల వెలుతురులో కొన్ని రంగుల పాలు తక్కువ; పువ్వుకు అద్దిన రంగును ఒక్కో సెన్సర్ ఒక్కోలా చదువుతుంది. దానికోసం మొత్తం క్లిప్పును కదిలించొద్దు. వేరే నోడ్‌లో హ్యూ వర్సెస్ హ్యూతో (ఎంచుకున్న రంగును మాత్రమే పక్క రంగువైపు జరిపే సాధనం) ఆ గులాబీ ఒక్కదాన్నే జరపండి. రేకులు విడిగా తెలియక ముద్దగా ఉంటే పెరేడ్‌లో ఎరుపు చూడండి. అది పైన బల్లపరుపుగా ఆగి ఉండి, ఎక్స్‌పోజర్ తగ్గించినా విడిపోకుంటే అది షూటింగులోనే పోయింది, గ్రేడింగులో తిరిగి రాదు. తంగేడుకూ ఇదే చిక్కు. షూట్ చేసేటప్పుడే ముఖాలతో పాటు పువ్వుల మీద కూడా ఎక్స్‌పోజర్ చూసుకోండి.