హాలోవీన్‌కి వేషం కడుతున్నారా? ముందు మీ ఊరి పద్ధతి కనుక్కోండి

అమెరికా వచ్చిన మొదటి అక్టోబర్లో, ఇక్కడి వేషాల పండగ హాలోవీన్‌కి నేను రావణాసురుడి వేషం కట్టాను. అట్టపెట్టెలు కోసి తొమ్మిది తలలు చేశాను, పదోది నాదే. తీరా చూస్తే ఆ తలలతో కారెక్కడం కుదరలేదు. వాటిని వెనక సీట్లో పడేసుకుని ఆఫీసుకు వెళ్తే, అక్కడ ఒకావిడ పిల్లి చెవుల బ్యాండ్ పెట్టుకుంది, ఇంకొకాయన నారింజ రంగు సాక్సులు వేసుకున్నాడు. అంతే. పదకొండింటికి క్లయింట్ కాల్. మీసాలు చెరుపుకోవడానికి బాత్రూమ్‌లో ఇరవై నిమిషాలు పట్టింది.

తిరుపతి గంగజాతరలో మగవాళ్లు చీర కట్టినా, బైరాగి వేషం వేసినా ఎవరూ వింతగా చూడరు. ఏ రోజు ఏ వేషమో ఊరందరికీ తెలుసు. ఇక్కడ అలా కాదు, ఊరికో రోజు, ఊరికో టైమ్, ఆఫీసుకో లెక్క. బట్టలు కొనే ముందే ఇవి కనుక్కోవాలి.

క్యాలెండర్‌లో హాలోవీన్ అక్టోబర్ 31. పిల్లలు ఇంటింటికీ తిరిగి క్యాండీ అడిగే రోజు మాత్రం అదే కావాలని లేదు. ఒహాయోలో కొలంబస్ చుట్టుపక్కల దాన్ని బెగ్గర్స్ నైట్ అంటారు, 31 వారాంతంలో పడితే చాలా ఏళ్లు ముందు గురువారానికే జరిపారు. అయోవాలోని డెమోయిన్‌లో దశాబ్దాలపాటు 30నే జరిపారు. పైగా అక్కడ క్యాండీ కావాలంటే పిల్లలు ఒక జోక్ చెప్పాలి. మీ సిటీ వెబ్‌సైట్‌లో రోజు, గంటలు చూసుకోండి.

వయసు సంగతి కూడా ఉంది. వర్జీనియాలోని చెసపీక్‌లో 12 ఏళ్లు దాటినవాళ్లు క్యాండీ అడగకూడదని, అడిగితే జైలు కూడా వేయొచ్చని రూల్ ఉండేది. 2019లో జైలు మాట తీసేసి వయసు 14కి పెంచారు. మీ ఊళ్లో ఇలాంటి రూల్ లేకపోయినా మర్యాద అదే: పెద్దవాళ్లు వేషం వేసుకుని పిల్లల వెనక నడవొచ్చు, తాము సంచి చాపకూడదు.

మనవాళ్లకు బొత్తిగా తెలియనిది మాస్కుల చట్టం. ఆల్ఫారెటా, కమింగ్ లాంటి చోట్ల మన జనం ఎక్కువున్న జార్జియాలో, ఎవరో తెలియకుండా ముఖం కప్పుకుని బయట తిరగడం నేరం. నల్లవాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠా ముసుగుల్ని ఆపడానికి 1951లో తెచ్చిన చట్టమది. పండగ వేషాలకు మినహాయింపు ఉంది, కానీ అది పండగ సందర్భానికే. వర్జీనియాలో ఇలాంటి చట్టమే 16 ఏళ్లు దాటినవాళ్లకు వర్తిస్తుంది, అక్కడది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. అక్కడా పండగ వేషాలకు మినహాయింపు ఉంది. పార్టీలు చాలావరకు ముందు శనివారమే పెట్టుకుంటారు కాబట్టి మాస్కు లోపలికి వెళ్లాక పెట్టుకోండి. పెట్రోల్ బంకులోకి, బ్యాంకులోకి దాంతో వెళ్లకండి. పోలీస్ ఆపితే ముందు మాస్కు తీయండి. నిజం తుపాకీలా కనిపించే బొమ్మ తుపాకీ మాత్రం అసలు వద్దు. అలబామాలో అయితే మోసం చేసే ఉద్దేశంతో మతగురువు దుస్తులు వేసుకోవడం కూడా నేరమే.

ఆఫీసులో ముందు ఏడాది ఫొటోలు చూపించమని ఎవరినైనా అడగండి. హెచ్‌ఆర్ మెయిల్‌లో ‘వేషాలు వేసుకోవచ్చు’ అని ఉంటుంది, ఎంతవరకో ఉండదు. తీసేస్తే మామూలు మనిషైపోయే వేషం మంచిది: టోపీ, కండువా, పైన వేసుకునే కోటు.

ఎవరి వేషం వేస్తున్నామన్నది ఇంకా పెద్ద సంగతి. మన నాటకాల్లో రాక్షసుడికి ముఖం నల్లగా పూయడం మామూలే. ఇక్కడ ముఖానికి నలుపు పూస్తే అది నల్లవాళ్లను ఎగతాళి చేసిన పాత అమెరికన్ ప్రదర్శనల్ని గుర్తుచేస్తుంది, ఉద్యోగాలే పోతాయి. నాకు తెలియదంటే ఎవరూ వినరు. రెడ్ ఇండియన్ ఈకల టోపీ కూడా అంతే. ఇది అర్థం కాకపోతే 2008 గుర్తు చేసుకోండి: మోడల్ హైడీ క్లూమ్ హాలోవీన్‌కి కాళికాదేవి వేషం వేస్తే హిందువులు అభ్యంతరం చెప్పారు.

వేషం పొడుగ్గా ఉంటే అంచు మడిచి కుట్టించండి. గుమ్మడికాయల్లో కొవ్వొత్తులుంటాయి, పాలిస్టర్ గౌను ఇట్టే అంటుకుంటుంది. రంగు కాంటాక్ట్ లెన్సులు పవర్ లేనివైనా ఇక్కడ వైద్య పరికరాల కిందే లెక్క, ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. 1975 నుంచి 2016 వరకు లెక్కలు చూసిన ఒక అధ్యయనంలో, హాలోవీన్ సాయంత్రం వాహనాలు గుద్ది చనిపోయే పాదచారులు ముందు, తర్వాతి వారాల్లో అదే రోజుకంటే 43 శాతం ఎక్కువని తేలింది. నల్ల వేషమైతే వీపు మీద రిఫ్లెక్టర్ టేపు అంటించుకోండి.

డ్రైవింగ్‌కి మాస్కు, రెక్కలు, నా తలల్లాంటివి అన్నీ తీసేయాలి. తాగితే ఊబర్ పిలవండి. వీసా మీద ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం: తాగి నడిపి అరెస్టయితే చాలు, కోర్టులో కేసు తేలకముందే వీసా రద్దు చేయొచ్చు. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ పద్ధతి అది.

వేరే దేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. 2022 అక్టోబర్ 29 రాత్రి సియోల్‌లోని ఇటెవాన్‌లో, ఇరుకు సందులో జనం ఒత్తిడికి 159 మంది చనిపోయారు. టోక్యోలోని షిబుయాలో హాలోవీన్‌కి రావొద్దని 2023లో మేయరే చెప్పారు. 2024 అక్టోబర్ నుంచి అక్కడ సాయంత్రం 6 నుంచి పొద్దున 5 దాకా వీధిలో తాగకూడదు. జనం భుజాలు తగిలేంత దగ్గరైతే వేషం చూపించుకోవాలన్న ఆశ వదిలేసి పక్క వీధిలోకి వచ్చేయండి.

దీపావళి ఒక్కోసారి ఇదే రోజు పడుతుంది, 2024లో పడింది. వరండా లైటు వెలుగుతుంటే పిల్లలు తలుపు కొడతారు, ప్రమిదలు పెట్టినా రమ్మన్నట్టే అనుకుంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, గుమ్మంలో అస్థిపంజరం నిలబడుతుందని ముందే చెప్పి ఉంచండి. వాళ్లు ప్రేమగా సున్నుండలు పెట్టబోతారు. ఇక్కడ చుట్టిన కవర్ ఉన్న చాక్లెట్టే ఇవ్వాలి, జీడిపప్పు ఎలర్జీలు కూడా ఎక్కువ. సున్నుండలు మీరు తినండి.