తాతల నాటి పుస్తకాల్లో పురుగు పడితే

మ్యూజియంగా మార్చిన పాత లోగిళ్లలో జమాఖర్చు పుస్తకాల కింద పిండిలాంటి పొడి రాలుతుంటుంది. తుడిచాక మళ్లీ రాలిందంటే పురుగు బతికే ఉన్నట్టు. మందు కొట్టకండి, కాగితం మరకలు పడుతుంది.

పుస్తకాన్ని ఉతికి ఆరిన నూలుగుడ్డలో చుట్టి, మందపాటి పాలిథీన్ కవర్లో పెట్టి, గాలి తీసేసి టేపుతో మూసేయండి. మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో 14 రోజులు. బయటికి తీశాక 24 గంటలు కవరు విప్పొద్దు. తొందరపడితే చల్లటి కాగితానికి చెమ్మ పట్టి సిరా అలుక్కుపోతుంది, అంత పాత చేతిరాత మళ్లీ రాదు. ఈలోపు బీరువా మూలలు దులిపేయండి, లేకపోతే పురుగు మళ్లీ పడుతుంది.

గాజు పలకల మీది పాత ఫొటో నెగెటివ్‌లు, రంగులు వేసిన పటాలు, దంతం పొదిగిన పెట్టెలకు మాత్రం ఈ ఫ్రీజర్ పద్ధతి వద్దు, పగుళ్లిస్తాయి.